పిల్లులను ఇతర గ్రహాలకు పంపే పిల్లల కథ రాయడం ఎలా?

తెలివైన పిల్లులు గ్రహాంతర యాత్ర చేసే కథ రాయమంటే చాలామంది పిల్లికి మనిషి బుద్ధి పెట్టి, తలకు హెల్మెట్ తగిలించి, రాకెట్ ఎక్కించేస్తారు. అటువంటి కథలో పిల్లిని తీసేసి కుందేలును పెట్టినా ఒక్క వాక్యం మార్చవలసిన అవసరం రాదు. అంగారకుణ్ణి తీసేసి పేరు లేని ఏదో గ్రహాన్ని పెట్టినా రాదు. మీ కథకు ఆ గతి పట్టకుండా ఉండాలంటే ఒక్క నియమం పెట్టుకోండి. కథలోని ప్రతి ముఖ్య సంఘటనా పిల్లి ఒంటికి సంబంధించిన ఒక నిజమూ, ఆ గ్రహానికి సంబంధించిన ఒక నిజమూ ఎదురుపడిన చోటే పుట్టాలి. దీన్ని ఆచరణలో పెట్టడం ఎలాగో వరుసగా చెబుతాను. బెంగళూరులో పెరుగుతున్న తెలుగు పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను గనుక ఉదాహరణలు కూడా ఈ ఊరివే ఉంటాయి.

మొదటి పని: వినేదెవరో తేల్చుకోండి

ఈ ఊళ్లోని తెలుగు పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషూ కన్నడమూ చదువుతారు, తెలుగు అక్షరాలను మాత్రం కూడబలుక్కుంటారు. అంటే మీ కథను చదివేది అమ్మమ్మో నాన్నో అయితే, వినేది పిల్లలు. ఇది చిన్న విషయంగా కనిపించినా రాతను మొత్తంగా మార్చేస్తుంది. మాట్లాడుతున్నది ఎవరో సంభాషణ మొదట్లోనే తెలియాలి, ఎందుకంటే చెవికి కొటేషన్ గుర్తులు వినిపించవు. ఒక భాగం పది నిమిషాల్లో ముగిసిపోవాలి. నెమ్మదిగా చదివితే దానికి వెయ్యి పదాలు సరిపోతాయి. ఆక్సిజన్, రాకెట్, గ్రావిటీ వంటి మాటలు పిల్లలు రోజూ బడిలో వింటున్నవే కాబట్టి వాటిని అలాగే ఉంచండి. వయసు ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య అనుకుంటే మంచిది. అంతకన్నా చిన్నవారికి అంకెలు రుచించవు, పెద్దవారికి మాట్లాడే పిల్లులు రుచించవు.

రెండో పని: పిల్లి ఒంటిని తెలుసుకోండి

ఒక సాయంత్రం మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పిల్లులు తిరిగే చోట కూర్చోండి. అవి చేసే పనులను మాత్రమే నోటుపుస్తకంలో రాసుకోండి. వాటి మనసులో ఏమున్నదో ఊహించి రాయవద్దు. అప్పుడే వచ్చి ఆగిన కారు బానెట్ మీదికి పిల్లి ఎక్కుతుంది, ఎందుకంటే ఇంజన్ వేడి ఇంకా దిగలేదు. గ్రిల్లు సందులోకి దూరబోయే ముందు మీసాలను ముందుకు చాచి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు దూరుతుంది. డక్టులో వాలిన పావురాన్ని వల వెనకనుంచి చూస్తూ కింది దవడను వేగంగా ఆడించి కటకటమని ఒక వింత శబ్దం చేస్తుంది. ఈ మూడు గమనికలూ చేతిలో ఉంటే మూడు సంఘటనలు చేతికి వచ్చినట్టే.

ఆ తర్వాత పుస్తకాల్లో దొరికే విషయాలను జోడించుకోండి. మనిషికి అవసరమైన వెలుతురులో ఆరో వంతు ఉన్నా పిల్లికి చాలు, ఎందుకంటే దాని కంటి వెనక ఉన్న అద్దం వంటి పొర వెలుగును తిరిగి రెటీనా మీదికి పంపుతుంది. సన్నని, కీచుమనే శబ్దాల దగ్గర మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్‌ల వద్ద ఆగిపోతే పిల్లి చెవి 64,000 దాకా పోతుంది. తీపి రుచిని పసిగట్టే జన్యువు పిల్లిలో పనిచేయదు కాబట్టి, యాత్ర విజయవంతమైందని మీ కథలోని కెప్టెన్ పిల్లికి మైసూరుపాక్ బహూకరిస్తే ఆమె దాన్ని వాసన చూసి పక్కన పెట్టేస్తుంది. బాలల కథల్లో పిల్లి ముందు ఎప్పుడూ ఉండే పాలగిన్నెను కూడా తీసేయడమే మేలు, ఎందుకంటే ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది, తెల్లవారుజామునా మునిమాపునా చురుగ్గా ఉంటుంది.

రంగుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లి నీలం, పసుపు రంగులను గుర్తిస్తుంది గాని, ఎరుపును మనలాగా చూడలేదు. అందుచేత మీ కథ పిల్లి చూపులోంచి నడుస్తున్నట్లయితే “ఎర్రని గ్రహం మీద కాలు మోపింది” అని రాయడానికి వీల్లేదు. దానికి ఆ నేల మసకబారిన పసుపు కలిసిన బూడిద రంగులో ఉంటుంది. అయితే అంగారకుడి మీద సూర్యుడు అస్తమించేటప్పుడు అక్కడి సన్నని ధూళి కారణంగా సూర్యుని చుట్టూ ఆకాశం నీలంగా మారుతుంది, ఆ నీలాన్ని పిల్లి చూడగలదు. మనుషులు ఎర్రని గ్రహమని పిలుచుకునే చోట పిల్లులకు కనిపించే అసలైన రంగు సాయంకాలపు నీలమే అవుతుంది. ఇంత మంచి విషయాన్ని కథలో వాడుకోకుండా వదిలేయడం పాపం.

మూడో పని: ఒక్క గ్రహాన్ని ఎంచుకోండి

ఒకే కథలో సౌరకుటుంబమంతా తిప్పాలన్న ఆశను అణచుకోండి. గురుడి మీద నిలబడడానికి గట్టి నేల లేదు. శుక్రుడి నేల మీద 460 డిగ్రీలకు పైగా వేడి, భూమి మీదికన్నా 90 రెట్లకు పైగా వాయుపీడనం ఉంటాయి. అక్కడ పిల్లిని దించితే కథ మొదటి పేరాలోనే ముగుస్తుంది. గురుడి చందమామ యూరోపా మంచు కింద సముద్రం ఉందని శాస్త్రజ్ఞులు నమ్ముతున్నారు గాని, నీళ్లంటే గిట్టని ప్రాణిని సముద్రం వెతకడానికి పంపాలంటే హాస్యకథ అయితేనే కుదురుతుంది. మిగిలిన వాటిలో రెండు చోట్లు పిల్లికి బాగా నప్పుతాయి. ఒకటి అంగారకుడు, రెండోది శనిగ్రహపు చందమామ టైటన్.

అంగారకుడి మీద గ్రావిటీ భూమి మీద ఉన్నదానిలో 38 శాతం. నాలుగు కిలోల పిల్లి అక్కడ ఒకటిన్నర కిలో తూగుతుంది. ఇక్కడ ఒకటిన్నర మీటరు ఎగిరే పిల్లి అక్కడ లెక్క ప్రకారం నాలుగు మీటర్లు ఎగరాలి. కాని వాయుపీడనం భూమి మీదిదానిలో ఒక శాతం కూడా లేదు గనుక, గాలి నింపిన సూటు తప్పనిసరి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. గాలి నింపిన గొట్టం బిగుసుకుపోతుంది కదా, తోకకు తొడిగిన భాగం కర్రలా నిలబడిపోతుంది, నడుము మెలి తిరగదు. పిల్లి ఎత్తునుంచి పడేటప్పుడు ముందు భాగాన్ని ఒకవైపూ వెనక భాగాన్ని ఇంకోవైపూ తిప్పి కాళ్ల మీద దిగుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మారే ఈ విద్యను 1894లోనే వరుస ఫోటోలుగా తీసి చూపించాడు. ఆ మెలికకు సూటు అడ్డుపడితే, తరతరాలుగా కాళ్ల మీదే దిగిన జాతి మొదటిసారి వీపు మీద పడుతుంది. గోళ్లు బయటికి వస్తే సూటుకు లోపలినుంచే చిల్లు పడుతుంది కాబట్టి, కోపం వచ్చినా గోళ్లు చాచకుండా ఉండడం నేర్చుకోవలసి వస్తుంది. ఈ ఒక్క నిబంధనతో మీరు రెండు భాగాలు నడిపించవచ్చు.

శబ్దం కూడా అంగారకుడి మీద వింతగా ప్రవర్తిస్తుంది. పర్సివరెన్స్ రోవర్‌లోని మైక్రోఫోన్లు రికార్డు చేసిన శబ్దాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, సన్నని, కీచుమనే శబ్దాలు బొంగురు శబ్దాలకన్నా కొంచెం వేగంగా ప్రయాణిస్తాయని 2022లో ప్రకటించారు. పైగా అక్కడి కార్బన్ డయాక్సైడు సన్నని శబ్దాలను త్వరగా మింగేస్తుంది. అంత సన్నని శబ్దాలనూ వినగల పిల్లి చెవికి అక్కడ దాదాపు నిశ్శబ్దమే మిగులుతుంది. చెవులను నమ్ముకుని బతికే ప్రాణి చెవులు పనికిరాని చోట ఏం చేస్తుందో మీరు ఊహించాలి.

నన్ను అడిగితే టైటన్‌నే ఎంచుకోమంటాను. అక్కడి వాయుపీడనం భూమి మీదికన్నా ఒకటిన్నర రెట్లు ఉంటుంది కాబట్టి గాలి నింపిన సూటు అక్కరలేదు. వెచ్చని దుస్తులూ ఆక్సిజన్ మాస్కూ చాలు. ఆ వెచ్చదనం మామూలుది కాదు, ఎందుకంటే బయట చలి సున్నాకు 179 డిగ్రీలు దిగువన ఉంటుంది. కాని నడుమూ తోకా స్వేచ్ఛగా కదులుతాయి. గ్రావిటీ భూమి మీది దానిలో ఏడో వంతు. మన నాలుగు కిలోల పిల్లి అక్కడ 550 గ్రాములే. గాలి అడ్డాన్నీ మోసే సామాన్లనూ లెక్కలోకి తీసుకోకపోతే ఒక్క గెంతుతో పదకొండు మీటర్ల దాకా, అంటే మూడంతస్తుల మేడ అంచు దాకా లేస్తుంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా అని సామెత చెప్పే అమ్మమ్మలకు ఇక్కడ మంచి జవాబు దొరుకుతుంది. పది మీటర్ల నుంచి కింద పడినా, భూమి మీద ఒకటిన్నర మీటరు గోడ మీదినుంచి దూకినప్పటి వేగానికి మించదు. దట్టమైన పొగమంచు వంటి వాతావరణం వల్ల పట్టపగలు కూడా మునిమాపులా ఉంటుంది. పిల్లి కన్ను తయారైందే అటువంటి వెలుతురు కోసం. మనిషి పంపిన యంత్రాలకు ఇబ్బందిగా ఉన్న చోటు పిల్లికి సొంత ఇల్లులా అమరడమే టైటన్‌లోని అందం.

లెక్కలు వేసుకునేటప్పుడు ఒక చిన్న పట్టికను కాగితం మీద రాసి బల్ల ముందు అంటించుకోండి. ఒక మీటరు ఎత్తునుంచి పడడానికి భూమి మీద సుమారు 0.45 సెకను, అంగారకుడి మీద 0.73, టైటన్ మీద 1.2 సెకన్లు పడుతుంది. ఈ అంకెలను కథలో చెప్పకండి. బల్ల మీదినుంచి పెన్సిలు పడిందని రాసినప్పుడు, అది నేలను తాకేలోగా మీ పిల్లి ఎన్ని పనులు చేయగలదో తెలుసుకోవడానికి మాత్రమే ఇవి.

నాలుగో పని: తెలివి ఎక్కడిదో నిర్ణయించండి

పిల్లులు ఎలా తెలివైనవయ్యాయో చెప్పడానికి ఒక్క అబద్ధం చాలు, దాన్ని రెండు వాక్యాల్లో ముగించండి. దానికి మించి వివరిస్తే పిల్లలు అడ్డు ప్రశ్నలు వేస్తారు. అసలు శ్రమ పెట్టవలసినది ఆ తెలివి పిల్లి తెలివిలా ఉండేలా చూడడం మీద. పిల్లికి మనలా పట్టుకునే బొటనవేలు లేదు, కాబట్టి మీటలు తిప్పడం, మరలు బిగించడం కుదరవు; నియంత్రణ బల్ల మీద పంజాతో నొక్కే వెడల్పాటి మెత్తలు ఉండాలి, సన్నని సర్దుబాట్లకు మీసాలు తగిలితే పనిచేసే తీగలు ఉండాలి. పిల్లులు ఒంటరిగా వేటాడతాయి, ఒకరి ఆజ్ఞ కోసం ఎదురుచూడవు. అందువల్ల మీ నౌకలో కెప్టెన్ “అందరూ రండి” అంటే ఎవరూ రారు. ఆమె ఏదైనా ఆసక్తికరమైన పని మొదలుపెట్టి, దాన్ని ఎవరికీ చూపించకుండా దాచినట్టు నటిస్తే అందరూ వస్తారు.

మాటల విషయంలో ఒక నిజం మీకు ఎంతో ఉపకరిస్తుంది. ఎదిగిన పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడం అరుదు. ఆ అరుపు ఎక్కువగా మనుషుల కోసమే. వాటి మధ్య సంభాషణంతా వాసనతో, తోకతో, చెవుల వాలుతో నడుస్తుంది. ఇప్పుడు వాటికి మాస్కు తొడిగితే వాసన పోయింది, టోపీ పెడితే చెవులు కనబడవు. ఇక మాటలు నేర్చుకోక తప్పదు. మీ పిల్లులు ఎందుకు మాట్లాడుతున్నాయో చెప్పడానికి ఇంతకన్నా సహజమైన కారణం నాకు తోచలేదు.

ఐదో పని: ప్రయాణానికి పట్టే కాలాన్ని ఎదుర్కోండి

కస్సీని నౌక 1997 అక్టోబరులో బయలుదేరి 2004 జులైలో శనిని చేరింది. దాదాపు ఏడేళ్లు. ఇంట్లో పెరిగే పిల్లి ఆయుష్షు సాధారణంగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్లు. కూనగా బయలుదేరినది నడివయసులో దిగుతుంది. దీన్ని దాటడానికి వేగంగా పోయే ఇంజన్‌ను కల్పించవచ్చు గాని, అది తేలిక దారి. తల్లిపిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. బయలుదేరిన తల్లి ఒకతీ, నౌకలోనే పుట్టి భూమిని ఎన్నడూ చూడని కూన ఒకతీ ఉంటే, కథకు కావలసిన ప్రశ్నలన్నీ ఆ కూనే అడుగుతుంది. పాఠకుడికి తెలియని విషయాలను చెప్పడానికి వేరే సాధనం వెతుక్కోనక్కరలేదు.

భూమితో సంబంధాన్ని కూడా సరిగా లెక్క వేయండి. నౌకలు ఎగిరేది మన శ్రీహరికోట నుంచి, వాటితో మాట్లాడేది బెంగళూరు నుంచి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతుంటే బెంగళూరు పీణ్యలో నౌకలతో సంబంధాలు నడిపే ఇస్రో వారి ఇస్ట్రాక్ కేంద్రంలో కూర్చుని నడిపించారు. ఊరి బయట బ్యాలాళులో 32 మీటర్ల డిష్ ఉంది. మీ కథలో ఆ డిష్ నుంచి వెళ్లిన ప్రశ్న టైటన్‌ను చేరడానికి గంటకు పైనే పడుతుంది, జవాబు రావడానికి ఇంకో గంటకు పైన. “ఇప్పుడే లోపలికి వెళ్లిపో” అన్న హెచ్చరిక అందేసరికి పిల్లి ఎప్పుడో వెళ్లి, తిని, నిద్రపోయి ఉంటుంది. పిల్లిని పిలిస్తే ఎప్పుడు పలుకుతుందో తెలిసినవారికి ఇందులో హాస్యం వేరే చెప్పనక్కరలేదు.

ఆరో పని: ఒక సన్నివేశాన్ని కట్టండి

ఇంతవరకు పోగుచేసినవాటిలోంచి రెండు నిజాలను తీసుకుని ఎదురెదురుగా నిలబెట్టండి. పిల్లికి తడవడం ఇష్టం ఉండదు. టైటన్ ధ్రువప్రాంతాల్లో చలికి ద్రవమైపోయిన మీథేన్ వాయువు సరస్సులున్నాయి, అక్కడ మీథేన్ వాన కూడా పడుతుంది. ఆ చుక్కలు సెంటీమీటరు దాకా పెరిగి, సెకనుకు సుమారు 1.6 మీటర్ల వేగంతో మాత్రమే దిగుతాయి. భూమి మీద పెద్ద చినుకు వేగం సెకనుకు సుమారు తొమ్మిది మీటర్లు. మూడో నిజం కూడా చేరిస్తే ఇంకా బాగుంటుంది: 2005 జనవరి 14న టైటన్ మీద దిగిన హైగెన్స్ యంత్రం, తన వేడికి నేలలోంచి మీథేన్ ఆవిరై లేవడాన్ని పసిగట్టింది. ఇప్పుడు రాయండి.

“చిట్టి తలెత్తి చూసింది. బఠాణీ గింజంత చుక్క ఒకటి పైనుంచి తీరిగ్గా దిగుతోంది.

చిట్టి అడిగింది: ‘పెద్దమ్మా, అదేంది?’

మచ్చక్క చెప్పింది: ‘వాన.’

‘కారు కిందికి దూరేలోపలే తడిపేస్తుందని చెప్పావే, ఆ వానా?’

‘అది మనూరి వాన. దీనికి తొందర లేదు.’

చిట్టి ఒక అడుగు పక్కకు వేసింది. చుక్క వచ్చి అంతకుముందు అది నిలబడిన చోట పడి చితికింది. ఇంకోటి వచ్చింది. చిట్టి ఇంకో అడుగు వేసింది. కాలు పెట్టిన ప్రతిచోటా బూటు వేడికి నేల బుస్సుమని ఆవిరి వదులుతోంది. నాలుగు చుక్కలు తప్పించుకుని తోక నిక్కబొడుచుకునేసరికి, ఐదోది సరిగ్గా మాస్కు మీద పడింది.

వెనకనుంచి బూడిదప్ప అన్నాడు: ‘పైకి చూస్తా నడిస్తే అంతేనప్పా. ఒకదాన్ని చూసుకుంటే ఇంకోటి నిన్ను చూసుకుంటాది.’”

ఈ ముక్కలో వేగమనీ మీథేన్ అనీ ఎక్కడా చెప్పలేదు. చిట్టి పక్కకు అడుగు వేయగలగడమే వేగాన్ని చెబుతుంది. బుస్సుమన్న ఆవిరి చలిని చెబుతుంది. వినే పిల్లలు “వాన అంత నెమ్మదిగా ఎలా పడుతుంది?” అని అడిగితే, చదివేవారు ఆపి చెప్పవచ్చు, అడగకపోతే కథ ఆగదు. శాస్త్రవిషయాన్ని పిల్లి నోట ఉపన్యాసంగా చెప్పించడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

ఇలాగే మరికొన్ని జంటలను మీరే కట్టుకోవచ్చు. వేడి కోసం బానెట్ ఎక్కే అలవాటునూ చలి నేలనూ కలిపితే, నౌక ఇంజన్ మూత మీదినుంచి కదలని కాపలాదారుడు పుడతాడు. టైటన్ మీద ఒక పగలూ రాత్రీ కలిసి భూమి లెక్కలో దాదాపు పదహారు రోజులు గనుక, మునిమాపున మాత్రమే వేటకు బయలుదేరే ప్రాణికి ఆ వేళ ఎంతకీ ముగియదు.

ఏడో పని: పేర్లూ వరసలూ యాసా

పిల్లులకు ఇంగ్లీషు పేర్లు పెట్టి కెప్టెన్ ఫలానా అనిపించకండి. మన ఇళ్లలో పిల్లిని రంగును బట్టి, మచ్చను బట్టి పిలుస్తారు. నౌకలోనూ అలాగే పిలవండి. పిన్న పిల్లి పెద్దదాన్ని పెద్దమ్మా అనో అక్కా అనో అనాలి. బెంగళూరు తెలుగులో చిత్తూరు, అనంతపురం, కోలారు వైపు మాటలు కలిసి ఉంటాయి. కాబట్టి ఒక పాత్ర “ఏమప్పా” అంటే పిల్లలు వెంటనే ఎవరినో గుర్తు చేసుకుని నవ్వుతారు. యాస ఒక పాత్రకు చాలు. అందరికీ పెడితే చదివే నాన్నకు నాలుక తిరగదు. మల్లేశ్వరంలో పుట్టిన పిల్లి ఒకటి కన్నడంలో విసుక్కోవచ్చు. దాన్ని తెలుగు చేయనక్కరలేదు, పిల్లలకు అర్థమవుతుంది.

ఎనిమిదో పని: ప్రమాదాన్ని దాచకండి

నిజంగానే ఒక పిల్లి అంతరిక్షానికి వెళ్లివచ్చింది. ఫ్రాన్సు 1963 అక్టోబరు 18న అల్జీరియా ఎడారిలోని హమాగీర్ నుంచి ఫెలిసెట్ అనే ఆడపిల్లిని వెరోనిక్ రాకెట్‌లో దాదాపు 150 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. పావుగంట లోపలే అది ప్రాణంతో నేల చేరింది. రెండు మూడు నెలల తర్వాత మెదడును పరిశీలించడం కోసం శాస్త్రజ్ఞులే దాన్ని చంపారు. 2019లో స్ట్రాస్‌బుర్గ్‌లోని అంతర్జాతీయ అంతరిక్ష విశ్వవిద్యాలయంలో దానికి కంచు విగ్రహం పెట్టారు.

మీ పిల్లులు తెలివైనవైతే ఈ చరిత్ర వాటికి తెలిసే ఉంటుంది. దాన్ని కథలోకి ఎంతవరకు తేవాలన్నది వినేవారి వయసును బట్టి నిర్ణయించండి. ఎనిమిదేళ్లవారికి వెళ్లి క్షేమంగా దిగిందన్నంతవరకు చెప్పి ఆపవచ్చు. కాని తర్వాత హాయిగా బతికిందని మాత్రం రాయవద్దు. పదేళ్లు దాటినవారికి మొత్తం చెప్పండి. మీ పిల్లులు మనుషులను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న అక్కడినుంచి కథలోకి దానంతట అదే వస్తుంది. నా మటుకు నేను, ఈ యాత్రలో పిల్లులు తమంతట తామే బయలుదేరేలా, పీణ్యలోని మనుషులు సహాయకులుగా మాత్రమే ఉండేలా రాయడం న్యాయమనుకుంటాను.

తొమ్మిదో పని: బిగ్గరగా చదివి, దిద్దండి

రాసినదాన్ని నలుగురైదుగురు పిల్లలను కూర్చోబెట్టి చదివి వినిపించండి. వీలైతే ముందురోజు వారిని హైగ్రౌండ్స్‌లోని నెహ్రూ ప్లానెటేరియానికి తీసుకెళ్లండి. శని ఎక్కడుందో తెలిసిన పిల్లలు మరింత గట్టిగా నిలదీస్తారు. “బాగుందా?” అని అడగవద్దు, బాగుందనే అంటారు. ఎక్కడ కాళ్లు కదిపారో, ఎక్కడ మీ మాటకు అడ్డొచ్చారో అంచున పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. కాళ్లు కదిపిన చోట సాధారణంగా వర్ణన ఎక్కువై ఉంటుంది. సగానికి సగం కొట్టేయండి. అడ్డొచ్చిన చోటును ముట్టుకోకండి, ఎందుకంటే తర్వాతి భాగం అక్కడే ఉంది.

టైటన్ కథకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: మీథేన్ వంటగ్యాసులా మండేది కదా, ఆ సరస్సులకు నిప్పంటుకోదా? అంటుకోదు, ఎందుకంటే అక్కడి గాలిలో ఎక్కువ భాగం నైట్రోజనే, మండడానికి కావలసిన ఆక్సిజన్ లేదు. ఆక్సిజన్ ఉన్నది నౌక లోపల. గాలిలో మీథేన్ ఐదు నుంచి పదిహేను శాతం మధ్య కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇప్పుడు చిట్టి వానలో ఆడుకుని తడి బూట్లతో నేరుగా లోపలికి పరుగెత్తుకొస్తే ఏమవుతుందో, మచ్చక్క దాన్ని గడప దగ్గరే ఎందుకు ఆపి “బూట్లు బయట విప్పిరా” అని అరిచిందో, ఆ సంగతితో తర్వాతి భాగాన్ని మొదలుపెట్టండి.